పండక్కి ఊరెళ్తూ గినీ పిగ్స్‌ని ఎవరికి అప్పగించాలి, ఎలా అప్పగించాలి

గినీ పిగ్స్ (ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువులు) ఉన్న ఇంట్లో ఊరి ప్రయాణం అనుకోగానే ముందు వెతకాల్సింది వాటిని చూసుకునే మనిషిని. బస్సు టికెట్లు ఆ తర్వాత. మేముండేది విద్యానగర్‌లో, మూడో అంతస్తులో. మా ఇంట్లో రెండు ఆడ గినీ పిగ్స్ ఉన్నాయి, పేర్లు జీలకర్ర, బెల్లం. బతుకమ్మకి హుస్నాబాద్ దగ్గర మా అమ్మవాళ్ల ఊరికి, ఎండాకాలంలో అత్తగారింటికి, మధ్యలో పెళ్లిళ్లకి వెళ్తూనే ఉంటాం. మేం వెళ్లినప్పుడల్లా అవి హైదరాబాద్‌లోనే ఉంటాయి. ఆ ఏర్పాట్ల గురించి నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నా.

"గిన్నె నిండా తిండి, బాటిల్ నిండా నీళ్లు పెట్టి మూడ్రోజులు వెళ్లొస్తే ఏమవుతుంది?" అని చాలామంది అడుగుతుంటారు. దయచేసి అలా చేయొద్దు. ఒక్క రాత్రికి వెళ్లినా సరే, మర్నాడు పొద్దున ఎవరో ఒకరు వచ్చి చూడాల్సిందే. గినీ పిగ్ రాత్రీ పగలూ కాస్త కాస్త తింటూనే ఉంటుంది. దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. పంటి నొప్పి వల్లో, భయం వల్లో, నీళ్లు అందకో తినడం ఆపేసిందంటే పేగులు మందగిస్తాయి, గ్యాస్ నిండుతుంది, దాంతో ఉన్న ఆకలి కూడా పోతుంది. 12 గంటలు ఏమీ ముట్టలేదంటే ఇక ఆలోచించకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. పైగా ఇవి నొప్పిని బయటికి చూపించవు. కదలకుండా ఓ మూల కూర్చుంటాయి, అంతే. చూసేవాళ్లకి "పడుకుంది పాపం" అనిపిస్తుంది.

అందుకే మనిషిని ఎంచుకునేటప్పుడు నేను జంతువులంటే ప్రేమ ఉందా అని కాదు, గమనించే అలవాటు ఉందా అని చూస్తాను. మా కింది ఫ్లాట్ అంకుల్‌కి వీటిమీద ఎంత ముద్దో చెప్పలేను. కానీ వచ్చినప్పుడల్లా అరటిపండు, బిస్కెట్ పెట్టబోతారు, వద్దంటే బాధపడతారు. వాచ్‌మన్ భార్య చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, కానీ ఎలుకల్లా ఉన్నాయని చెయ్యి పెట్టదు. చివరికి ఎదురింటి నానమ్మ, ఆమె మనవరాలు మాకు కుదిరారు. ఆ అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఒకసారి మా ఇంటికి ఊరికే వచ్చి కూర్చుని, "ఆంటీ, బెల్లం ఎడమ కన్ను సగమే తెరుస్తోంది, చూశారా?" అంది. చూస్తే గడ్డిపుల్ల గుచ్చుకుని కన్ను ఎర్రబడి ఉంది. ఆ క్షణమే అనుకున్నా, మనిషి దొరికిందని.

చేసే పనికి డబ్బు ఇవ్వండి. పక్కింటి పిల్లే కదా, స్వీట్ల డబ్బాతో సరిపెడదాం అనుకోవద్దు. రోజుకి ఇంత అని ముందే మాట్లాడుకుంటే ఆ పిల్లకీ బాధ్యత ఉంటుంది, మనకీ "ఇది మర్చిపోయావేంటమ్మా" అని అడిగే చనువు ఉంటుంది. నానమ్మ మాత్రం డబ్బు ముట్టదు. ఆమెకి ఊరి నుంచి బియ్యప్పిండి, నువ్వులు తెస్తాను.

వీలైతే వాటిని మీ ఇంట్లోనే ఉంచి, చూసేవాళ్లే పొద్దునా సాయంత్రం వచ్చేలా చేసుకోండి. పరిచయమైన వాసన, అలవాటైన చప్పుళ్లు ఉంటే తిండి మానవు. కొత్త ఇంట్లో పెడితే ఒకటి రెండు రోజులు బెదిరి సరిగా తినకపోవచ్చు. అయితే నాలుగైదు రోజులు దాటే ప్రయాణమైతే, అందులోనూ ఎండాకాలమైతే, మనుషులు తిరిగే ఇంట్లో ఉండడమే మేలని నా అభిప్రాయం. అలా పంపేటప్పుడు కేజ్, పరుపుగుడ్డ, దాక్కునే అట్టపెట్టెలు అన్నీ యథాతథంగా పంపాలి. గుడ్డలు ఉతికి పంపొద్దు. వాటి వాసన వాటికి ఉండాలి. రెండింటినీ ఎప్పుడూ కలిపే ఉంచాలి. "ఒకటి మా ఇంట్లో, ఒకటి మా చెల్లెలింట్లో" అని పంచుకోవడం వాటికి పెద్ద శిక్ష.

డబ్బు తీసుకుని జంతువుల్ని ఉంచుకునే బోర్డింగ్‌లు నగరంలో చాలానే వచ్చాయి. ఎక్కువగా కుక్కల కోసం పెట్టినవి. "గినీ పిగ్స్‌నీ తీసుకుంటాం" అంటే ఫోన్లో ఒప్పుకోకండి, వెళ్లి చూడండి. కుక్కల అరుపులు వినిపించే గదిలో పెడతారా? అలాగైతే వద్దు. కుందేళ్లతో కలిపి ఉంచుతారా? అస్సలు వద్దు. కుందేళ్ల ముక్కుల్లో బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. వాటికి పెద్దగా ఏమీ కాకపోయినా గినీ పిగ్స్‌కి అంటితే న్యుమోనియా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వేరేవాళ్ల గినీ పిగ్స్‌తో కలిపి ఆడిస్తారా? దాన్ని కూడా ఒప్పుకోవద్దు. గజ్జి పురుగులు, ఫంగస్ అంటుకుంటాయి, ఆ ఫంగస్ మనకీ వస్తుంది. ఇంకో సంగతి, మగదాన్ని ఆడదాన్ని పోల్చుకోవడంలో షాపులవాళ్లే పొరబడుతుంటారు. మూడు నాలుగు వారాల మగపిల్లకే సంతానం కలిగించే శక్తి వస్తుంది. ఒక్క పూట కలిసినా చాలు, 59 నుంచి 72 రోజుల్లో పిల్లలు పుడతాయి. ఏడెనిమిది నెలలు దాటిన ఆడదానికి అదే మొదటి కాన్పు అయితే కటి ఎముకలు విచ్చుకోక చనిపోయే ప్రమాదం ఉంది. రాత్రి అక్కడ మనిషి ఉంటారా, కరెంటు పోతే ఏం చేస్తారు అనేవి కూడా అడగండి. నాకు తెలిసినావిడ ఒకరు ఒక బోర్డింగ్‌లో ఇచ్చి వచ్చి, తిరిగి వెళ్లేసరికి గడ్డి అయిపోయి రెండు రోజులైందట. పేరున్న చోటే. బోర్డు చూసి నమ్మకండి, అక్కడ గడ్డి ఎక్కడ పెట్టారో చూపించమనండి.

మనిషి కుదిరాక ప్రయాణానికి వారం ముందు ఒక పూట పిలిచి అన్నీ చేయించండి. మీరు చేసి చూపిస్తే చాలదు, వాళ్ల చేత్తో చేయించాలి. ఎత్తుకోవడం ముందు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద. నేల మీద కూర్చునే ఎత్తుకోవాలి, నిలబడి కాదు. వీటి ఎముకలు సున్నితం, చేతుల్లోంచి జారితే కాలో పన్నో విరుగుతుంది. అసలు పిల్లలకి "ఎత్తుకోవాల్సిన పనే లేదు, బరువు చూసేటప్పుడు తప్ప" అని చెప్పేస్తాను.

బరువు చూడడం ముఖ్యం. వంటింట్లో పిండి తూచే డిజిటల్ కాటా చాలు, మీద చిన్న బుట్ట పెట్టి అందులో కూర్చోబెట్టాలి. పెద్ద గినీ పిగ్ 700 గ్రాముల నుంచి 1,200 గ్రాముల దాకా ఉంటుంది. మీవాటి మామూలు బరువెంతో ప్రయాణానికి ముందే రెండు మూడు సార్లు చూసి రాసిపెట్టండి. రోజు మార్చి రోజు ఒకే వేళకి తూచమనండి. 20, 30 గ్రాములు అటూ ఇటూ అవడం మామూలే. 50 గ్రాములు దాటి తగ్గితే నాకు ఫోన్ చేయాలి, పడుకుని ఉన్నా లేపాలి. బరువు తగ్గడం కంటికి ఆనదు, ఒత్తుగా ఉన్న జుట్టు కప్పేస్తుంది. కాటాకే తెలుస్తుంది.

పెంటికల్ని చూసి ముఖం చిట్లించకండి, అసలు సమాచారమంతా అక్కడే ఉంటుంది. బాగున్న గినీ పిగ్ పెంటిక ఖర్జూరం గింజంత, ముదురు గోధుమ రంగులో, గట్టిగా ఉంటుంది, రోజుకి వందకు పైగా వేస్తుంది. చిన్నగా, తోకలొచ్చినట్టు అయ్యాయంటే తిండి తగ్గింది. మెత్తగా అంటుకుంటున్నాయంటే ఏదో పడలేదు. మూత్రం ఎర్రగా ఉన్నా, పోసేటప్పుడు కీచుమన్నా రాళ్లు ఉండొచ్చు. పొద్దున ఊడ్చేటప్పుడు చేటలో ఎన్ని ఉన్నాయో కళ్లతో అంచనా వేయమని ఎదురింటి అమ్మాయికి చెప్పాను. నిన్నటికన్నా బాగా తగ్గాయంటే ఆగి చూడాలి.

ఇంకో తేలికైన పరీక్ష కవరు చప్పుడు. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి కొత్తిమీర కవరు గలగలలాడిస్తే చాలు, రెండూ "వీక్, వీక్" అని గోల పెడతాయి. ఆ చప్పుడుకి రాని గినీ పిగ్ బాగా లేదని అర్థం. రోజూ నాకు ఫొటో వద్దు, అర నిమిషం వీడియో పంపమంటాను, రెండూ నములుతూ కనిపించాలి. ఫొటోలో గిన్నె ముందు కూర్చున్నది తింటోందో, ఊరికే కూర్చుందో తెలియదు.

ఇక తిండి. వాటి భోజనంలో ఎక్కువ భాగం ఎండుగడ్డే. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి గడ్డి నమిలితేనే అరుగుతాయి. ఒక్కోదానికి రోజుకి దాని ఒళ్లంత గడ్డి కుప్ప, అయిపోకముందే మళ్లీ పెట్టాలి. మనకు టిమోతీ గడ్డి ప్యాకెట్లలో ఆన్‌లైన్లో, పెట్ షాపుల్లో దొరుకుతుంది. పండగ ముందు డెలివరీలు ఆలస్యమవుతాయి, మూడు వారాల ముందే తెప్పించుకోండి. వరిగడ్డి దానికి బదులు కాదు, బలం లేదు, మొనలు గుచ్చుకుంటాయి. లూసర్న్ గడ్డి పచ్చగా బాగుంటుంది గానీ అందులో కాల్షియం ఎక్కువ, పెద్దవాటికి రోజూ పెడితే మూత్రాశయంలో రాళ్లు చేరతాయి. పచ్చి గరిక చాలా ఇష్టంగా తింటాయి. వినాయక చవితి రోజుల్లో ఎక్కడ చూసినా దొరుకుతుంది. కానీ రోడ్డు పక్క, కుక్కలు తిరిగేచోట కోసింది, మందు కొట్టింది కాకుండా చూసుకోవాలి, బాగా కడగాలి.

మనలాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు, రోజూ తిండిలోంచే అందాలి. రెండు వారాలు అందకపోతే కీళ్లు నొప్పులు, నడక తగ్గడం, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తాయి. పది, పన్నెండు రోజుల ప్రయాణంలో "కూరలు లేకపోయినా పెల్లెట్స్ ఉన్నాయిగా" అనుకుంటే చిక్కు. పెల్లెట్స్ అంటే షాపుల్లో దొరికే గుళికల మేత, వాటిలో కలిపిన విటమిన్ సి నిల్వ ఉంటే తగ్గిపోతుంది. నీళ్లలో చుక్కలు కలపడం కూడా నాకు నచ్చదు. వెలుగు తగిలితే పోతుంది, రుచి మారి నీళ్లే తాగడం మానేస్తాయి. రోజుకి ఒక్కోదానికి పావు క్యాప్సికం, గుప్పెడు కొత్తిమీర, కొంచెం కీరా, ఇవి చాలు. వారానికి ఒకటి రెండు సార్లు చిన్న జామ ముక్క. వంద గ్రాముల జామలో 200 మిల్లీగ్రాముల పైనే విటమిన్ సి ఉంటుంది, ఒక గినీ పిగ్‌కి రోజుకి కావాల్సింది 10 నుంచి 30 మిల్లీగ్రాములు. తీపి ఉంటుంది కాబట్టి ఎక్కువ పెట్టొద్దు.

కూరల సంచీ ఇలా సర్దుతాను. వెళ్లే ముందురోజు నల్లకుంట మార్కెట్లో కొత్తిమీర తెచ్చి, వేర్లు తీసి, కడిగి, పాత నూలు గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టి, రోజుకొక డబ్బా చొప్పున నాలుగు రోజులకి ఫ్రిజ్‌లో పెడతాను. తడి ఉంటే రెండో రోజుకే కుళ్లుతుంది, కుళ్లింది పెడితే పొట్ట పాడవుతుంది. క్యాప్సికం వారం ఆగుతుంది. నాలుగు రోజులు దాటిన తర్వాతికి డబ్బులిచ్చి, తోపుడు బండి దగ్గర తాజాగా కొనమంటాను. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచాకే పెట్టాలి. ప్రయాణం ముందు వారంలో కొత్త ఆకేదీ మొదలుపెట్టకండి, విరేచనాలు పడితే చూసేవాళ్లు తట్టుకోలేరు.

పెట్టకూడని వాటి జాబితా మన వంటింటికి సరిపోయేలా రాయాలి. అన్నం, చపాతీ, మరమరాలు, బిస్కెట్, పెరుగు, ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ, పప్పులు, గింజలు ఏవీ వద్దు. గోంగూర, చుక్కకూర, తోటకూర, పాలకూర కూడా వద్దనే రాశాను, వాటిలో మూత్రంలో రాళ్లకి దారితీసే ఆక్సలేట్లు ఎక్కువ. ఇంట్లో మనీ ప్లాంట్ ఉంటే కేజ్ దగ్గర్లో లేకుండా పైకెక్కించండి, అది విషం. బతుకమ్మ రోజుల్లో పిల్లలు తంగేడు, గునుగు పూలు తెచ్చి ముద్దుగా లోపల వేస్తారు, ముందే చెప్పిపెట్టాలి. పెద్దవాళ్లకి ఈ జాబితా చెప్పడం కష్టం. నానమ్మ మొదట "పాపం, ఆకులే తిని ఎలా బతుకుతాయే" అని గొడవపడింది. పళ్లు పెరిగే సంగతి చెప్పాక ఆమే అందరికీ కాపలా. మనవరాలు క్యారెట్ ముక్క ఎక్కువ పెట్టినా ఊరుకోదు.

నీళ్లకి రెండు బాటిళ్లు పెట్టండి. బాటిల్ ముక్కు చివర ఉండే చిన్న గుండు ఇరుక్కుంటే నీళ్లు నిండుగా కనిపిస్తాయి, చుక్క రాదు. రోజూ వేలితో తాకి చూడాలి. పక్కన బరువైన పింగాణీ గిన్నెలో కూడా నీళ్లుంటే ఇంకా మంచిది. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, అందుకే ఫిల్టర్ నీళ్లే పోయమంటాను.

ఎండాకాలం మాత్రం వేరే కథ. గినీ పిగ్స్‌కి 18 నుంచి 24 డిగ్రీలు హాయి. 30 దాటితే ప్రమాదం మొదలు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మనకు కొత్త కాదు. ఇవి చెమట పట్టవు, కాబట్టి మూసేసిన ఫ్లాట్‌లో పైన ఫ్యాన్ తిరిగితే సరిపోదు. ఏసీ పెట్టి తాళం వేసి వెళ్లినా, మధ్యాహ్నం కరెంటు పోతే ఇన్వర్టర్ ఏసీని నడపదు. అందుకే మే నెలలో వాటిని ఖాళీ ఇంట్లో వదలను. ఎదురింట్లో నానమ్మ రోజంతా ఉంటుంది, వాళ్ల హాల్లో కూలర్ ఉంది, అక్కడికే పంపిస్తాను. కేజ్‌లో ఒక తాండూరు బండ ముక్క పెడతాను, మధ్యాహ్నమంతా రెండూ దాని మీదే ఒళ్లు చాచుకుని పడుకుంటాయి. బాటిల్లో నీళ్లు గడ్డకట్టించి టవల్ చుట్టి పక్కన పెట్టొచ్చు. పక్కకి ఒరిగిపోయి, రొప్పుతూ, నోట్లోంచి చొంగ కారుతూ ఉంటే వడదెబ్బ. చెవులకీ పాదాలకీ మామూలు నీళ్లలో తడిపిన గుడ్డ అద్దుతూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఐస్ నీళ్లలో ముంచకూడదు.

దీపావళికి ఊరెళ్లకపోవడమే మంచిది. తప్పనిసరైతే కేజ్‌ని రోడ్డు వైపు కాకుండా లోపలి గదికి మార్చి, కిటికీలు మూసి, ఒక్కోదానికి దాక్కోను ఒక పెట్టె ఉండేలా చూడండి.

డాక్టర్ విషయం ముందే తేల్చుకోవాలి. చాలా క్లినిక్‌లలో కుక్కలు, పిల్లులే చూస్తారు. ఫోన్ చేసి "గినీ పిగ్స్ చూస్తారా, పండగ రోజు ఉంటారా" అని అడిగి, రెండు నంబర్లు రాసిపెట్టండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్య ఆసుపత్రి ఉంది, రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వెటర్నరీ కాలేజీ ఉంది. వేళలు మీరే ముందు కనుక్కోండి. "నేను ఊళ్లో లేనప్పుడు వీళ్లు తీసుకొస్తే వైద్యం చేయండి, ఖర్చు నాది" అని సంతకం పెట్టిన కాగితం, కొంత డబ్బు కవర్లో పెట్టి ఇస్తాను. ఒక మాట పెద్ద అక్షరాలతో రాస్తాను: అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, పెన్సిలిన్ రకం మందులు నోటి ద్వారా వేయకూడదు. అవి వీటి పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని చంపేస్తాయి, దాంతో జంతువే చనిపోవచ్చు. ఇంట్లో చిన్నపిల్లల కోసం ఉన్న సిరప్ రెండు చుక్కలు పోస్తే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు.

ఇంటి సంగతులు కొన్ని. ఊరెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపే అలవాటు మనలో చాలామందికి ఉంది, ఆపకండి, ఫ్రిజ్‌లో కూరలున్నాయి. దోమల కాయిల్, స్ప్రే, చీమల చాక్‌పీస్ గీతలు ఆ గదిలో ఉండకూడదు. చీమలు రాకుండా కేజ్ స్టాండ్ కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టండి. బాల్కనీలో ఎట్టి పరిస్థితుల్లో వద్దు, పిల్లి వస్తుంది.

ఫ్రిజ్ తలుపుకి అంటించే కాగితం ఒక్క పేజీ దాటకూడదు, తెలుగులో ఉండాలి. మాది ఇలా ఉంటుంది:

"పొద్దున 7: కవరు చప్పుడు చెయ్. రెండూ వచ్చాయా? కొత్తిమీర, క్యాప్సికం పెట్టు, అయిదు నిమిషాలు కూర్చుని చూడు. గడ్డి నింపు. నీళ్లు మార్చు, బాటిల్ ముక్కు తాకి చూడు. పెంటికలు ఊడ్చు, తగ్గాయేమో చూడు. వీడియో పంపు. సాయంత్రం 6: కీరా, ఒక్కోదానికి ఒక చెంచా పెల్లెట్స్. మళ్లీ గడ్డి, నీళ్లు. మిగిలిపోయిన ఆకులు తీసెయ్. ఒకటి తినకపోతే నాకు ఫోన్. నేను ఎత్తకపోతే డాక్టర్‌కి. నన్ను అడగడం కోసం ఆగొద్దు."

చివరి వాక్యం ముఖ్యం. ఊళ్లో ఒక్కోసారి సిగ్నల్ ఉండదు. ఆ చిన్నపిల్ల నిర్ణయం తీసుకోవడానికి భయపడకూడదు.

వెంట తీసుకెళ్లొచ్చు కదా అంటారు. ఏసీ కారు, తెల్లవారుజాము ప్రయాణం, అవతల ప్రశాంతమైన గది ఉంటే వెళ్లొచ్చు. దారిలో గడ్డి, కీరా ముక్కలు లోపలే ఉండాలి. మా ఊళ్లో పండగ మైకులు, వాకిట్లో కుక్కలు, అటక మీద పిల్లులు. అందుకే నేను తీసుకెళ్లను.

తిరిగొచ్చాక బ్యాగులు విప్పకముందే రెండింటినీ తూచండి, కళ్లు, ముక్కు, గోళ్లు చూడండి. పిల్ల రాసిన బరువుల కాగితం పక్కన పెట్టుకుని ఆ వారమంతా రోజూ తూచండి. కాస్త తగ్గి ఉంటే రెండు మూడు రోజుల్లో మామూలుకి వస్తుంది. తగ్గుతూనే పోతుంటే పళ్లు ఒకసారి డాక్టర్‌కి చూపించండి. కూరలకి ఎంతయిందో అడిగి ఆ రోజే లెక్క తీర్చేయండి, సంక్రాంతికి మళ్లీ ఆ అమ్మాయే కావాలి.